పాత షెవీ ట్రక్కుతో హాట్ రాడ్ కట్టించుకోబోయేవాళ్ళకి జాగ్రత్త: అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఈ మధ్య పాత ట్రక్కుకి కొత్త ఇంజిన్ పెట్టి, రూపం మార్చి హాట్ రాడ్‌గా కట్టించుకునే పిచ్చి బాగా పెరిగింది. వాకిట్లో టెస్లా ఉంటుంది, మనసు మాత్రం 1950ల షెవీ (షెవర్లే) మీదో ఫోర్డు మీదో ఉంటుంది. సరదాకి నేనేమీ అడ్డు చెప్పను, నాకూ ఆ పిచ్చి ఉంది. కానీ "ట్రక్కూ మేమే ఇస్తాం, బిల్డూ మేమే చేస్తాం" అనే ప్యాకేజీ బేరం ఎవరైనా పెడితే జేబులో చెయ్యి పెట్టే ముందు కాస్త ఆగండి. మా బావ అలాంటి బేరంలో ట్రక్కుకి 11,000, బిల్డు అడ్వాన్సుకి 14,000 డాలర్లు కట్టాడు. ఇవాళ ఆయన దగ్గర ఉన్నది రోడ్డెక్కలేని ఓ ఇనుప గుట్ట, బండి ఆయనదేనని రుజువు చేయలేని ఓ కాగితం. వ్యవహారం లాయరు దగ్గరుంది కాబట్టి బండి అమ్మి, బిల్డు ఒప్పుకున్న షెడ్డు పేరు రాయను. వాళ్ళు అమ్మే తీరు మాత్రం పూర్తిగా రాస్తాను, ఎందుకంటే ఆ తీరు వాళ్ళొక్కరిదే కాదు.

ప్రకటన ఇలా ఉంది: 1950 షెవర్లే 3100, ఫైవ్ విండో క్యాబ్, క్లీన్ టైటిల్ (బండి ఎవరిదో చెప్పే సర్కారు కాగితం), ఏళ్ళ తరబడి పొలంలో పడి ఉన్న బండి, బిల్డుకి రెడీ. తెలియనివాళ్ళకి చెప్తున్నా, 1947 నుంచి 1955 మొదటి నెలల దాకా షెవర్లే చేసిన ఈ గుండ్రటి మూతి ట్రక్కుల్ని అడ్వాన్స్ డిజైన్ సిరీస్ అంటారు. 3100 అంటే అందులో అర టన్ను బండి. క్యాబ్ వెనక మూలల్లో వంపు తిరిగిన అద్దాలుంటే ఫైవ్ విండో, దానికి గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే. ఫొటోలో తుప్పు ఎంత అందంగా ఉందంటే, మా అక్క కూడా "రంగు వేయించకండి, ఇలాగే బాగుంది" అంది. ఆ అందమైన తుప్పులో కొంత కావాలని తెప్పించిందే. వెనిగరు, ఉప్పు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి రేకు మీద చల్లితే పూట తిరక్కుండా తుప్పొస్తుంది. పైన క్లియర్ కోటు కొట్టి దాన్ని పాటినా పేరుతో అమ్ముతారు. అది నేరం కాదు గానీ, కింద లప్పం ఎక్కడెక్కడ పెట్టారో కనపడకుండా పోతుంది. చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళి క్యాబ్ కింది మూలల మీద, తలుపుల అడుగున, ఎక్కే మెట్టు దగ్గర ఆనించి చూడండి. అంటుకోని చోటల్లా కింద ఇనుము లేదనే లెక్క. ఈ బండికి క్యాబ్ మూలలు రెండూ లప్పమే. పైన పటారం, లోన లొటారం.

రేకు పోతే రేకు దొరుకుతుంది. ఈ ట్రక్కులకి క్యాబ్ మూలలు, ఫ్లోర్ ప్యాన్లు ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. దొరకనిది నంబరు.

టైటిల్ కాపీ అడిగితే షెడ్డువాడు "ఆఫీసు లాకర్లో ఉంది, డెలివరీ రోజు చేతికిస్తా" అని నమ్మబలికాడు. చివరికి ఇచ్చింది పక్క రాష్ట్రపు టైటిల్. దాని మీద అమ్మినవాడి పేరే లేదు! అంతకు ముందెవరో ఓనరు వెనకాల సంతకం పెట్టి, కొనేవాడి పేరు చోట ఖాళీ వదిలేశాడు. దీన్ని టైటిల్ జంపింగ్ అంటారు, టెక్సస్‌లో చట్టవిరుద్ధం. రేపు గొడవొస్తే కాగితం ప్రకారం ఈ షెడ్డువాడికి ఆ బండితో సంబంధమే లేదు. మనం కొన్నది మనకి ముఖం కూడా తెలియని ఇంకెవరి దగ్గరో అవుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు టైటిల్ మీదున్న నంబరు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాలు బండి సీరియల్ నంబరు బదులు ఇంజిన్ నంబరుతోనే టైటిల్ ఇచ్చేవి. ఈ టైటిల్ మీదున్నదీ అలాంటి ఇంజిన్ నంబరే. ఆ ఇంజిన్ బండిలో లేదు, ఎప్పుడో ఎవరో పీకేశారు. ఇక మిగిలింది డ్రైవరు వైపు తలుపు స్తంభం మీది చిన్న సీరియల్ నంబరు ప్లేటు. అందులో ముందొచ్చే అంకెలు ఫ్యాక్టరీని చెప్తాయి, తర్వాతి రెండక్షరాలు సిరీస్‌నీ ఏడాదినీ చెప్తాయి. 1950 అర టన్ను బండికి హెచ్‌పి అని, 1951కి జేపీ అని ఉంటుంది. మా బావ ప్లేటు మీద ఉన్నది జేపీ. తలుపులకి ముందు పక్క త్రికోణపు చిన్న కిటికీలు కూడా ఉన్నాయి, అవి వచ్చిందే 1951లో. తలుపులు మార్చి ఉండొచ్చులే అనుకున్నా, ప్లేటు సంగతి? దాని పక్కనే లప్పంతో మూసి పైన రంగు పూసిన రెండు పాత రంధ్రాలు కనపడ్డాయి. వేలితో తడిమితే తెలిసిపోతుంది. అంటే టైటిల్ ఒక బండిది, క్యాబ్ ఇంకో బండిది, ప్లేటు మూడోదానిది కూడా కావచ్చు.

"ఇంత పాత బండికి ఇవన్నీ ఎవరు చూస్తారండీ" అనేవాళ్ళకి ఒక ఉదాహరణ. 1959 కార్వెట్ ఒకటి ఇండియానాలో కొని, కాన్సాస్‌లో రిజిస్ట్రేషన్ తనిఖీకి తీసుకెళ్తే 2017లో హైవే పెట్రోల్ వాళ్ళు జప్తు చేశారు. దొంగ బండి కాదు. ఎప్పుడో రీస్టోరేషన్ చేసినప్పుడు సీరియల్ నంబరున్న చిన్న ప్లేటు తీసి మళ్ళీ బిగించారు, అంతే. కొన్నాయన తప్పేమీ లేకపోయినా ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు, 2022లో ఆ రాష్ట్రం చట్టమే మార్చాల్సి వచ్చింది. ప్లేటు సంగతి అంత సున్నితం.

కాగితం సరిగ్గా లేదని నిలదీస్తే అమ్మేవాళ్ళ దగ్గర రెండు రెడీమేడ్ జవాబులుంటాయి. ఒకటి, "వెర్మాంట్ రాష్ట్రంలో పోస్టులో రిజిస్టర్ చేయించుకోండి, టైటిల్ అడగరు." ఒకప్పుడు నిజంగానే అడిగేవాళ్ళు కాదు, దేశం నలుమూలల నుంచీ జనం అలాగే చేసేవాళ్ళు. 2023లో ఆ దారి బయటి రాష్ట్రాలవాళ్ళకి దాదాపు మూసుకుపోయింది. ఇంకా ఆ మాట చెప్తున్నాడంటే మీ చెవిలో పువ్వు పెడుతున్నట్టే. రెండోది, "బాండెడ్ టైటిల్ తెచ్చుకోండి." ఇది టెక్సస్‌లో ఉన్న పద్ధతే. బండి విలువకి ఒకటిన్నర రెట్లకి ష్యూరిటీ బాండు కట్టాలి, అది మూడేళ్ళు ఉంటుంది, ఆలోగా అసలు హక్కుదారు వస్తే బాండు కంపెనీ చెల్లించి మనమీద పడుతుంది. పోయిన కాగితానికి ఇది మందు. మార్చేసిన నంబరుకి కాదు. దానికి పోలీసు విభాగంవాళ్ళొచ్చి బండిని కళ్ళారా చూడాలి. మా బావ ఇప్పుడున్నది ఆ క్యూలోనే.

ఇంకో మాట, చాలామంది పాత క్యాబ్‌ని తీసి ఎస్-10 (షెవర్లేదే తర్వాతి కాలపు చిన్న పికప్) ఫ్రేము మీద కూర్చోబెడతారు. పవర్ స్టీరింగు, డిస్క్ బ్రేకులు తేరగా వస్తాయని. చేస్తే చేయండి, కానీ ఆ ఎస్-10 టైటిల్ కూడా మీ చేతికి రావాలి. కింద ఒకరి నంబరు, పైన ఒకరి నంబరు పెట్టుకుని రేపు అమ్మబోతే ఎవడూ కొనడు.

ఇక బిల్డు ప్లాను. ఎస్టిమేటు కాగితం చూడముచ్చటగా ఉంది: 350 వీ8 ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, ముస్టాంగ్ టూ (1970ల ఫోర్డు కారు) తరహా ఫ్రంట్ సస్పెన్షను, ముందు డిస్క్ బ్రేకులు, క్యాబ్ టాపు 3 అంగుళాలు కోసి దించడం. ఒక్కో దాని పక్కన అంకె, కింద మొత్తం. ఆ మొత్తాన్ని మాత్రం నమ్మకండి. 1954 దాకా 3100కి డ్రైవ్ షాఫ్టు, అంటే ఇంజిన్ తిప్పుని వెనక చక్రాలకి చేర్చే కడ్డీ, ఓ గొట్టం లోపల మూసి ఉంటుంది, టార్క్ ట్యూబ్ అంటారు. అది గేర్‌బాక్సుకీ వెనక యాక్సిలుకీ కలిపి ఉంటుంది. కొత్త గేర్‌బాక్సు పెట్టారంటే ఆ వెనక యాక్సిలు పనికిరాదు, ఎలాగూ 4.11 గేరింగుతో హైవే మీద అది గోల తప్ప వేగం ఇవ్వదు. యాక్సిలు మారిస్తే స్ప్రింగులు ఆనడానికి కొత్త పీఠాలు వెల్డు చేయాలి, కొత్త డ్రైవ్ షాఫ్టు కొలిచి చేయించాలి. కరెంటు 6 వోల్టులది, కొత్త ఇంజిన్ 12 అడుగుతుంది, అంటే వైరింగు మొత్తం కొత్తది. పెట్రోలు ట్యాంకు సీటు వెనకాలే క్యాబ్ లోపల ఉంటుంది, దాన్ని కిందకి మార్చాలి. టాపు కోస్తే అద్దాలన్నీ కోయాలి, ఫైవ్ విండోలో వంపు అద్దాలు కోయడమంటే అందరి వల్లా అయ్యే పని కాదు. వీటిలో ఒక్కటీ ఎస్టిమేటులో లేదు! మొదలెట్టాక ఒక్కొక్కటే "ఇది కూడా చేయాలి సార్" అంటూ బయటికొచ్చింది. తడిసి మోపెడైంది. షెడ్డువాడికి ఇవన్నీ తెలియక కాదు, ముందే చెప్తే మనం జంకుతామని.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది బ్రేకులు. ముందు చక్రాలకి మెరిసే డిస్కులు, వాటిని నొక్కిపట్టే ఎర్ర రంగేసిన క్యాలిపర్లు పెట్టాడు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోకి అదిరిపోతాయి. బండి కింద పడుకుని చూస్తే పెడల్ దగ్గర ఫ్లోరు కింద అప్పటి మాస్టర్ సిలిండరే (పెడల్ తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి నెట్టేది) ఉంది, ఒకే గది ఉన్నది. ఎక్కడైనా ఒక్క పైపు కారితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. రెండు గదుల మాస్టర్ సిలిండరు అమెరికా కార్లకి 1960ల చివర్లో తప్పనిసరి చేసింది అందుకే. పైగా ఫ్లోరు కింద, అంటే క్యాలిపర్ల కన్నా దిగువన మాస్టర్ ఉంటే, నూనె వెనక్కి జారిపోకుండా డిస్కుల లైన్లో 2 పీఎస్‌ఐ, డ్రమ్ముల లైన్లో 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు పెట్టాలి. ఒక్కటీ లేదు. ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం, అదే ఫ్రంట్ క్రాస్‌మెంబరు వెల్డింగూ అలాగే ఏడ్చింది. ఈ ట్రక్కు ఫ్రేము ఒక పక్క తెరిచి ఉండే సి ఆకారపు రేకు. ముస్టాంగ్ టూ సెటప్పు పెట్టే చోట లోపలి పక్క ప్లేటు వేసి పెట్టెలా మూయాలి. మూయకుండా అంచుకే అతికించి, పైన నల్లటి అండర్‌కోటింగు మందంగా పూశారు. స్క్రూడ్రైవరుతో గీకితే తారు పెచ్చులుగా ఊడింది, కింద వెల్డు గీత మీద సూది మొన దూరేంత బెజ్జాలు వరసగా. మేం బయటి నుంచి పిలిచిన వెల్డరు ఒక్క ముక్కే అన్నాడు: "దీన్ని నడపొద్దు."

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు, ఆ సంగతి గుర్తుంచుకోండి. బ్రేకు సరిగా ఉందా లేదా అని ఇక మీ తరఫున ఎవరూ చూడరు. కస్టమ్ వెహికిల్ ప్లేటు వస్తే బండి సేఫని కాదు. పాతికేళ్ళు దాటి, 1948 తర్వాతి మోడలై, ఫ్యాక్టరీ డిజైను మార్చిన బండికి ఇచ్చే నంబరు ప్లేటు అది, అంతే.

పని ఆపమని చెప్పగానే "చేసినదానికి ఇంకా బాకీ ఉంది, కట్టి తీసుకెళ్ళండి" అన్నాడు. మరమ్మతు డబ్బు రాకపోతే బండిని ఆపి ఉంచుకునే హక్కు ఇక్కడి చట్టం గ్యారేజీలకి ఇస్తుంది. అందుకే మాటల మీద పని ఒప్పుకోకూడదు. ఏ పని, ఏ పార్టు, ఎంత, ఎప్పటికి అన్నది సంతకాలతో కాగితం మీద ఉండాలి, అదనపు పనికి మళ్ళీ సంతకం లేకుండా డబ్బు లేదని అందులోనే రాయించాలి. మా బావ దగ్గర మెసేజీలు ఉన్నాయి కాబట్టి కొంత నయం, ట్రైలరు మాట్లాడుకుని బండినైతే బయటికి తెచ్చుకున్నాం. 20,000 డాలర్ల లోపు వివాదమైతే చిన్న వివాదాలు చూసే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా కూడా వేసుకోవచ్చు. వినియోగదారుల చట్టం, అదే డీటీపీఏ కింద వేయాలంటే మాత్రం ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి.

"ఇక్కడ చేయించి హైదరాబాద్ పంపిద్దాం, ఫామ్‌హౌస్‌లో పెట్టుకుందాం" అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండి 50 ఏళ్ళు దాటాలి, పైగా అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకూడదు. హాట్ రాడ్ అంటేనే అవన్నీ మార్చడం. మామూలు రిజిస్ట్రేషన్ మాటా అంతే, కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చిన బండి చెల్లదని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది.

పోయిన వారం అదే నేల మీద, అదే పసుపు గోడ ముందు నిలబెట్టిన ఇంకో ట్రక్కు ప్రకటన కనపడింది. ఈసారి 1956 ఫోర్డ్ ఎఫ్-100, "టైటిల్ ఇన్ హ్యాండ్, బిల్డు స్లాటు ఒక్కటే మిగిలింది" అని. మనవాళ్ళెవరైనా చూడ్డానికి వెళ్తుంటే గ్లవ్ బాక్సు తలుపు మీది ప్లేటు, ఫ్రేము మీద కొట్టిన నంబరు, టైటిల్, మూడింటి ఫొటోలూ ముందే పంపమనండి. పంపకపోతే పెట్రోలు దండగ, వెళ్ళకండి. పంపితే నాకు మెసేజ్ పెట్టండి, నేనూ ఓసారి చూసి చెప్తాను.