ఫ్లాట్ ధరలోనే ఏసీ అంటున్నారా? టెక్నీషియన్‌కి ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

హైదరాబాద్ పడమటి వైపు కడుతున్న కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో చాలాచోట్ల ఇప్పుడు ఫ్లాట్ ధరలోనే వీఆర్‌ఎఫ్ ఏసీ కలిపి అమ్ముతున్నారు. బయట ఒకటే పెద్ద యూనిట్, లోపల గదికొకటి, రాగి పైపులన్నీ ఫాల్స్ సీలింగ్ పైన. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని బ్రోచర్‌లో రాస్తారు. మేమూ అలాంటి ఫ్లాటే కొన్నాం. దిగిన మొదటి వేసవి నుంచీ ఏసీతో నరకం చూస్తున్నాం. మా అత్తయ్యకు ఎనభై దాటాయి. మే నెలలో ఆవిడ తన గది వదిలేసి హాల్లో ఫ్యాన్ కింద చాప వేసుకుని పడుకోవాల్సి వచ్చింది. లక్షలు పోసి కొన్న ఇంట్లో పెద్దావిడకి ఆ గతి పట్టిందంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

మా ఫిర్యాదు రెరాలో (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నడుస్తోంది కాబట్టి బిల్డర్ పేరు గానీ, ఏసీ కంపెనీ పేరు గానీ రాయడం లేదు. అయినా ఇది ఏ ఒక్క కంపెనీకో సంబంధించిన విషయం కాదు. ఫ్లాట్ కొనబోతున్నవాళ్లు, కొత్తగా దిగినవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

ఎండలు ముదరగానే చల్లదనం తగ్గుతుంది. టెక్నీషియన్ వచ్చి గేజ్ పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయింది మేడమ్" అంటాడు. నింపి వెళ్తాడు. కొన్ని వారాలు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈ "గ్యాస్ అయిపోయింది" అన్న మాటను ఎప్పుడూ నమ్మకండి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందనే అర్థం. లీక్ ఎక్కడుందో చూడకుండా గ్యాస్ నింపడం మరమ్మతు కాదు, ఫిర్యాదును వాయిదా వేయడం.

లీక్ ఎందుకు వస్తుందో తెలిస్తే బాధ్యత ఎవరిదో కూడా తెలుస్తుంది. పైపులను వెల్డింగ్ చేసేటప్పుడు లోపల నైట్రోజన్ పంపాలి. లేకపోతే లోపలి గోడకు నల్లటి పొర కట్టి, తర్వాత పెచ్చులూడి వాల్వుల్లో ఇరుక్కుంటుంది. పైపుకు దగ్గర దగ్గరగా క్లాంపులు వేయాలి, లేకపోతే ఊగి ఊగి అతుకు దగ్గర పగులుతుంది. గ్యాస్ నింపే ముందు నైట్రోజన్ ప్రెషర్ పెట్టి కనీసం ఒక రోజు వదిలేసి గేజ్ ముల్లు దిగిందేమో చూడాలి. ఆ తర్వాత వాక్యూమ్ చేయాలి, అంటే పైపుల్లోని గాలి, తేమ పూర్తిగా లాగేయాలి. ఇవన్నీ ఫ్యాక్టరీలో జరిగే పనులు కావు, బిల్డర్ పెట్టిన కాంట్రాక్టర్ మన గోడల మధ్య చేసే పనులు. సీలింగ్ మూసేశాక ఎవరికీ కనబడవు.

అందుకే అడిగితే ఎవరికి వారే తప్పించుకుంటారు. మిషన్ బాగానే ఉంది, ఇన్‌స్టాలేషన్‌లో లోపం అని కంపెనీ అంటుంది. కంపెనీ గుర్తించిన డీలరే బిగించాడు కదా, వారంటీ వాళ్లదే అని బిల్డర్ అంటాడు. మీరు ఇంటీరియర్స్ చేయించుకున్నప్పుడు కార్పెంటర్ మేకు దింపి ఉంటాడని డీలర్ అంటాడు. ముగ్గురూ నోటిమాటగానే అంటారు. ఒక్కరూ కాగితం మీద రాయరు.

ఇక ఓటీపీ సంగతి. పని కాగానే టెక్నీషియన్ మన ఫోన్‌కి వచ్చిన నంబరు అడుగుతాడు. కొన్ని కంపెనీలు దాన్నే హ్యాపీ కోడ్ అంటాయి. అది చెప్పగానే కంపెనీ రికార్డులో సమస్య తీరిపోయినట్టు, కస్టమర్ ఒప్పుకున్నట్టు పడుతుంది. మళ్లీ పాడైతే కొత్త నంబరుతో కొత్త ఫిర్యాదు. పాత లోపమే కొనసాగుతోందని ఆ రికార్డులో ఎక్కడా ఉండదు. మా కేసులో అవతలివాళ్లు వేసిన కౌంటర్‌లో ముఖ్యమైన వాదన ఇదే: పిలిచిన ప్రతిసారీ వెళ్లాం, బాగుచేశాం, కస్టమరే కోడ్ ఇచ్చారు. ఆ టెక్నీషియన్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, కోడ్ తీసుకెళ్లకపోతే పైవాళ్లు అతన్నే అంటారు. కానీ మీరు మాత్రం జాబ్ షీట్ చేతికి రాకుండా కోడ్ ఇవ్వకండి. లీక్ ఏ అతుకు దగ్గర దొరికింది, దొరకలేదా, ఎన్ని కిలోల గ్యాస్ నింపారు, నింపక ముందు ప్రెషర్ ఎంత, తర్వాత ఎంత అన్నవి అందులో రాయించండి. రాయనంటే అదే రోజు కంపెనీకి, బిల్డర్‌కి కలిపి ఒక మెయిల్ పెట్టండి: ఈరోజు వచ్చిన టెక్నీషియన్ ఇలా చెప్పారు, ఇంత గ్యాస్ నింపారు, లీక్ మాత్రం వెతకలేదు అని. వాట్సాప్‌లో బిల్డర్ మనిషితో మాట్లాడినా సారాంశం మెయిల్‌లో పెట్టండి. గ్యాస్‌కి డబ్బు కట్టక తప్పకపోతే బిల్లు మీదే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయండి.

వారంటీలో ఇంకో మెలిక ఉంది, చాలామందికి కేసు దాకా వెళ్లేవరకూ తెలియదు. బిల్డర్ ఏసీలను టోకుగా కొంటాడు. ఇన్వాయిస్ బిల్డర్ పేరు మీద ఉంటుంది. వారంటీ ఆ ఇన్వాయిస్ తేదీ నుంచో, బిగించి ఆన్ చేసిన తేదీ నుంచో మొదలవుతుంది. మనం గృహప్రవేశం చేసేసరికి అందులో సగం కరిగిపోయి ఉంటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాట్ కొని తాళం వేసి పెట్టినవాళ్లకైతే ఏసీ ఒక్క వేసవి కూడా నడవకుండానే వారంటీ అయిపోతుంది. కంప్రెసర్‌కి పదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, గ్యాస్, లేబర్, పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు), పైపులు అందులో రావని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వారంటీ ముగిసేముందు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకోమని ఫోన్లు కూడా వస్తాయి. ఆ ఫారంలో "యూనిట్లన్నీ మంచి కండిషన్‌లో ఉన్నాయి" అనే వాక్యం ఉందేమో చూసుకోండి. ఉంటే సంతకం పెట్టకండి. వారంటీలో ఉండగా మనం చెప్పిన లోపం ఆ ఒక్క సంతకంతో కొట్టుకుపోతుంది.

వారంటీ అయిపోయిందని బిల్డర్ అన్నంత మాత్రాన దారి మూసుకుపోలేదు. 2016 రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ, సేవల్లో గానీ లోపం ఉందని మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడిగే హక్కు మనకుంది. ఏసీ బయట నుంచి తెచ్చిన వస్తువు, కంపెనీ వారంటీయే వర్తిస్తుంది అని బిల్డర్లు వాదిస్తారు. మా బిల్డర్ కూడా అదే అంటున్నాడు. దానికి జవాబు మన సేల్ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. వెనకాల స్పెసిఫికేషన్ల పేజీలో ఏసీ గురించి రాసి ఉంటే, అది బిల్డర్ ఒప్పుకున్న బాధ్యత. ఇక సీలింగ్‌లో పైపులు వేయించిన పని అచ్చంగా పనితనం కిందికి వస్తుంది. బ్రోచర్ కూడా పారేయకండి. ప్రకటనలో చెప్పిన అబద్ధం నమ్మి నష్టపోతే పరిహారం ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 12 చెబుతోంది. రెరాకి ఒక్కరే వెళ్లాలని లేదు, ఓనర్ల అసోసియేషన్ కూడా ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ రెరా అథారిటీలు ఉన్నాయి.

రెండో దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. రెరాలో మన గొడవ బిల్డర్‌తోనే తేల్చుకోవాలి, ఏసీ కంపెనీని అక్కడ నిలబెట్టడం కుదరదు. వినియోగదారుల కమిషన్‌లో అయితే బిల్డర్, డీలర్, కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టవచ్చు. ఒకరి మీద ఒకరు చెప్పుకునేదేదో అక్కడే చెప్పుకుంటారు. షోరూమ్‌లోనో ఆన్‌లైన్‌లోనో సొంతంగా ఏసీ కొనుక్కున్నవాళ్లకు ఇదే సరైన దారి. కట్టిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ హెడ్ ఆఫీసు గుర్గావ్‌లో ఉన్నా సరే. ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్, అది దాటితే 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫ్లాట్ తాలూకు లోపంగా బిల్డర్ మీద వేస్తే లెక్కలోకి వచ్చేది ఏసీ ధర కాదు, ఫ్లాట్‌కి మీరు కట్టిన మొత్తం. అది 50 లక్షలు దాటి ఉండగా జిల్లాలో వేస్తే వెనక్కి పంపేస్తారు, నెలలు పోతాయి.

అన్నిటికన్నా భయపడాల్సింది గడువుకే. వినియోగదారుల కేసు కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. మెయిళ్లు రాస్తూ ఉంటే ఆ గడువు పెరగదు. 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, కొన్నిసార్లు అక్కడే కంపెనీ దిగివస్తుంది కూడా. కానీ వాళ్లకు ఆదేశించే అధికారం లేదు. అక్కడ ఫిర్యాదు ఉంది కదా అని కూర్చుంటే రెండేళ్లు గడిచిపోతాయి. ఆలస్యానికి బలమైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోకండి.

అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవను మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) ఉంది, కమిషన్‌కి వెళ్లలేరు అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. ఎమ్మార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రెరా ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లకూడదన్న వాదన కూడా 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో నిలవలేదు. అయితే ఒకే పరిహారం కోసం రెండు చోట్లా వేయకండి. ఏదో ఒకటి ఎంచుకోండి.

ఫిర్యాదు రాసేటప్పుడు "తయారీ లోపం" అన్న ఒక్క మాటనే పట్టుకుని వేలాడకండి. అది నిరూపించడానికి నిపుణుడి నివేదిక కావాలి. అది లేక ఓడిపోయిన కేసులు చాలా ఉన్నాయి. బిగింపులో లోపం, సేవలో లోపం, చెప్పిన స్పెసిఫికేషన్ ఇవ్వకపోవడం, అన్నీ విడివిడిగా రాయండి. సంబంధం లేని ఏసీ ఇంజనీరుతో ఒకసారి పరీక్ష చేయించి సంతకంతో రిపోర్టు తీసుకోండి. మా విషయంలో గాలి మారింది అప్పుడే. బిల్డర్‌కి, కంపెనీకి తేదీ, టైము ముందే రాసి, ఇద్దరి మనుషులూ ఉండగా నైట్రోజన్ పెట్టించాం. ప్రెషర్ దిగిపోయింది. సీలింగ్ కోసి చూస్తే హాల్ పైన అతుకు దగ్గర క్లాంపే లేదు, నురగ పెడితే బుడగలు వచ్చాయి. అంతా వీడియో తీశాం. ఆ రోజు నుంచి కార్పెంటర్ మేకు మాట మళ్లీ వినబడలేదు. మీరు కూడా సీలింగ్‌ని తొందరపడి సొంత ఖర్చుతో విప్పించి బాగుచేయించకండి. అవతలివాళ్లు చూడకుండా సరిచేస్తే లోపం ఉండేదని చెప్పడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. పాడైన పార్టు మార్చినా పాతది తీసుకెళ్లనివ్వకండి, కనీసం సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీసుకోండి.

మీ కమ్యూనిటీలో కూడా ఇదే బాధ ఉంటే, పొసెషన్ లెటర్ బయటకు తీసి తేదీ చూడండి. ఐదేళ్లు దగ్గరపడుతుంటే ఈ వారంలోనే లోపం వివరాలతో బిల్డర్‌కి మెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపండి. పోస్టు రసీదు, చేరినట్టు వచ్చిన ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి.

తాళాలు ఇంకా తీసుకోని వాళ్లు అదృష్టవంతులు, ఇప్పుడు అడిగితేనే పని అవుతుంది. ఏసీ ఇన్వాయిస్ కాపీ, యూనిట్ల సీరియల్ నంబర్లు, ఆన్ చేసిన తేదీ, వారంటీ మీ పేరుకి మార్చినట్టు కంపెనీ లెటర్ అడగండి. సీలింగ్‌లో పైపులు ఏ దారిన వెళ్తున్నాయో డ్రాయింగ్ అడగండి. నైట్రోజన్ పరీక్ష రిపోర్టు అడగండి. అవుట్‌డోర్ యూనిట్‌ని ఇరుకు షాఫ్ట్‌లో పెట్టారేమో వెళ్లి చూడండి, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటే ఎంత పెద్ద మిషన్ అయినా మన మే నెల ఎండకి ఆగదు. మధ్యాహ్నం పూట అన్ని గదులూ ఒకేసారి ఆన్ చేయించి, లోపలికి వెళ్లే గాలికీ బయటకు వచ్చే గాలికీ తేడా థర్మామీటర్‌తో చూడండి. మామూలుగా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. ఇవన్నీ చూపించకుండా సంతకం అడిగితే, హ్యాండోవర్ ఫారంలో "అన్ని పరికరాలు సంతృప్తికరంగా పనిచేస్తున్నాయి" అన్న వాక్యాన్ని కొట్టేసి, పక్కన "ఏసీ పరీక్షించలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ పేజీ ఫొటో అక్కడే తీసుకోండి.