టెక్సస్‌లో ఎల్ఎల్‌సీ పెట్టేవారికి హెచ్చరిక: ‘మొదటి ఏడాది ఉచితం’ అనే రిజిస్టర్డ్ ఏజెంటుతో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల వ్యాపారం మొదలుపెట్టబోతున్న మన తెలుగువారు, ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) నమోదు చేసిపెట్టే ఆన్‌లైన్ సంస్థ ఉచితంగా ఇస్తానన్న రిజిస్టర్డ్ ఏజెంటును, అంటే కంపెనీ తరఫున కోర్టు కాగితాలు అందుకునేవారిని, ఒప్పుకునే ముందు మాకు జరిగింది తెలుసుకోవాలని కోరుతున్నాను.

మా కంపెనీకి సరుకు వేసే వ్యాపారి ఒకరు జిల్లా కోర్టులో మాపై దావా వేశారు. సమన్లు ఏజెంటు కార్యాలయానికి చేరితే, అక్కడివారు వాటిని తీసుకుని, స్కాన్ చేసి, తమ వెబ్‌సైటులోని మా ఖాతాలో పెట్టి ఊరుకున్నారు. ఫోను రాలేదు, ఈమెయిల్ కూడా రాలేదు. తర్వాత నిలదీస్తే, వెంటనే కబురు చేసే సౌకర్యం పెద్ద ప్యాకేజీ తీసుకున్నవారికే ఉంటుందన్నారు. కోర్టు కాగితం వచ్చిందని చెప్పడం అదనపు సౌకర్యం ఎలా అవుతుంది? ఏజెంటు ఉన్నదే అందుకు.

చట్టం దృష్టిలో ఏజెంటుకు అందితే కంపెనీకి అందినట్టే. టెక్సస్ జిల్లా కోర్టులో, సమన్లు అందిన 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు దాఖలు చేయాలి. ఆ గడువు మాకు తెలియకుండానే దాటిపోయి, మాపై ఏకపక్ష తీర్పు వచ్చింది. దాన్ని రద్దు చేయించడానికి లాయరుకు పెట్టిన ఖర్చు ఇమ్మని అడిగితే, తమ బాధ్యత మేము చెల్లించిన ఏజెంటు రుసుముకే పరిమితమన్న నిబంధన చూపించారు. మొదటి ఏడాది ఉచితం కాబట్టి ఆ రుసుము సున్నా.

అందుకే సమన్లు వస్తే ఎన్ని గంటల్లో, ఏ విధంగా తెలియజేస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి, బాధ్యత పరిమితి నిబంధనను తప్పక చదవండి. టెక్సస్‌లో నివసిస్తూ, పనివేళల్లో మనిషి దొరికే వీధి చిరునామా ఉంటే మీరే ఏజెంటుగా ఉండవచ్చు. పోస్టాఫీసు పెట్టె చెల్లదు. ఇంటి చిరునామా ఇస్తే అది ప్రభుత్వ రికార్డులో అందరికీ కనిపిస్తుంది, అదొక్కటి ఆలోచించుకోవాలి.

ఇప్పటికే ఇలాంటి ఏజెంటు ఉంటే, వారి చందా ఆపినంత మాత్రాన సరిపోదు, కంపెనీలను నమోదు చేసే రాష్ట్ర కార్యాలయమైన సెక్రటరీ ఆఫ్ స్టేట్ రికార్డులో పాత పేరే ఉంటుంది. కొత్త ఏజెంటు సమ్మతి తీసుకుని, 15 డాలర్ల రుసుముతో ఏజెంటు మార్పు కోసం ఉన్న ఫారం 401 దాఖలు చేసి, రికార్డులో పేరు మారిన తర్వాతే పాతవారిని వదులుకోండి.