ఇంట్లో డ్రై ఫైరా, రేంజ్‌లో పెల్లెట్లా?

ఎయిర్ పిస్టల్ సాధనకు కావాల్సిన 10 మీటర్ల హాలు చెన్నై ఫ్లాట్లలో ఎక్కడిది? డ్రై ఫైర్‌కు, అంటే పెల్లెట్ (చిన్న సీసం గుండు) లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకు, 5 మీటర్లు చాలు. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నల్లభాగం 59.5 మి.మీ. దూరం సగమే కాబట్టి గోడకు అందులో సగం, సుమారు 30 మి.మీ. నల్లచుక్క అంటించండి. గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి, పెల్లెట్ల డబ్బా పక్కగదిలో పెట్టేయండి. ట్రిగ్గర్ పడగానే ఫ్రంట్ సైట్ (గొట్టం చివరి గురి ముక్క) పక్కకు జరిగితే తప్పు వేలిదో మణికట్టుదో ఇట్టే తెలుస్తుంది. రేంజ్‌లో అయితే కళ్లు స్కోరు వైపే పరుగెడతాయి. పీసీపీ (ముందే నింపిన అధిక పీడన గాలితో పేలే) పిస్టళ్లలో చాలావాటికి డ్రై ఫైర్ సదుపాయం ఉంటుంది. స్ప్రింగ్ గన్‌తో మాత్రం వద్దే వద్దు: పెల్లెట్ అడ్డు లేక పిస్టన్ గుద్దుకుని సీల్ పాడవుతుంది.

గ్రూపింగ్ (షాట్లు ఒకేచోట దగ్గరగా పడటం), సైట్ సర్దుబాటు, పోటీలోలా 75 నిమిషాల్లో 60 షాట్ల ఒత్తిడి మాత్రం రేంజ్‌లోనే వంటబడతాయి. కొత్తవాళ్లకైతే నాలుగు రోజులు ఇల్లు, రెండు రోజులు రేంజ్.