స్కానర్ మంచిదే, పోర్టులో మరిచిపోనంతవరకు

కారు కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ పోర్టుకు తగిలించే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి నాలుగేళ్లుగా వాడుతున్నాను. అది చూపే లెక్కల్లో సగానికి పైగా నాకు ఎందుకూ కొరగావు. నేను డబ్బు పెట్టింది ఒక్క తెర కోసం: రెడీనెస్ మానిటర్ల తెర, అంటే కాలుష్యాన్ని అదుపు చేసే భాగాలను కారు తనంతట తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేది.

కాలిఫోర్నియాలో కార్లకు చేసే కాలుష్య పరీక్ష, స్మాగ్ చెక్‌లో ఒకసారి దెబ్బ తిన్నవారికి దాని విలువ తెలుసు. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు మన ఊళ్లలోలాగా పొగ గొట్టంలో గొట్టం దూర్చి చూడరు, కారు కంప్యూటర్‌నే అడుగుతారు. ఇంధన ఆవిరి మానిటర్ ఒక్కటి అసంపూర్తిగా ఉంటే ఊరుకుంటారు. ఇంకేది మిగిలినా, చెక్ ఇంజిన్ లైటు వెలగకుండానే ఉన్నా సరే, ఫెయిల్. ఆ తెరలో అన్నీ ఆకుపచ్చగా కనబడ్డాకే బయలుదేరితే ఫీజు దండగ కాదు. రెండేళ్ల క్రితం అలాగే వెళ్లి పది నిమిషాల్లో బయటపడ్డాను. ఆ రోజు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

పోయిన శీతాకాలం విజయవాడ వెళ్లాం. వెళ్లేముందు చూస్తే అన్నీ ఆకుపచ్చే, తిరిగి రాగానే స్మాగ్ చేయించవచ్చనుకున్నాను. ఐదు వారాల తర్వాత మా ఊరు ఫ్రీమాంట్‌లో దిగి తాళం తిప్పితే చప్పుడే లేదు. వంగి చూస్తే స్కానర్ పోర్టులోనే ఉంది. ఇంజిన్ ఆపినా ఆ పోర్టుకు కరెంటు ఆగదు. బ్యాటరీ కూడా ముసలిదే, నేరమంతా స్కానర్‌దే అనలేను. కొత్త బ్యాటరీ వేయించి తెర తెరిస్తే మానిటర్లన్నీ మళ్లీ మొదటికి! ఏ తెర కోసం కొన్నానో దాన్నే అది ఖాళీ చేసింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు నాకు వేరే పని లేదు. మానిటర్లు మళ్లీ పూర్తవ్వాలంటే ఇంజిన్ రాత్రంతా చల్లబడాలి, ట్యాంకు నిండుగానూ ఉండకూడదు, అడుగంటకూడదు. తెల్లవారుజామునే 680 ఫ్రీవే ఎక్కి, సునోల్ మీదుగా ప్లెజంటన్ దాకా 55 మైళ్ల వేగం తగ్గకుండా, పెరగకుండా నడిపి, దిగేచోట బ్రేకు తొక్కకుండా దొర్లనివ్వడం. ఆక్సిజన్ సెన్సర్ మానిటర్ రెండో రోజే పలికింది. పొగను శుభ్రం చేసే కేటలిస్ట్ మానిటర్ మాత్రం తొమ్మిదో రోజు దాకా మొండికేసింది. ‘రోజూ ఇంత పొద్దున్నే ప్లెజంటన్‌లో ఎవరున్నారండీ?’ అని మా ఆవిడ నవ్వుతూనే అడిగింది, కానీ అడిగింది. చివరికి ఆవిరి మానిటర్ ఒక్కటి మిగిలి ఉండగానే వెళ్లి పాసయ్యాను.

కొన్న కొత్తలో కారు లోపాన్ని నమోదు చేసుకునే కోడ్‌ను చెరిపే దీని బటన్‌ను నలుగురి దగ్గర పొగిడాను. అది కూడా కొంచెం వెనక్కి తీసుకోవాలి. ఆ బటన్ నొక్కితే కోడ్‌తో పాటు మానిటర్లూ పోతాయి. పైగా 2010, ఆ తర్వాతి కార్లలో శాశ్వత కోడ్ అనేదొకటి ఉంటుంది, అది ఏ బటన్‌కూ చెరగదు. 2019 జులై నుంచి స్మాగ్ చెక్‌లో దాన్ని కూడా చూస్తున్నారు.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. కారు కదిలేది కూరగాయలకూ గుడికీ మాత్రమే, కాబట్టి నాకు ఈ స్కానర్ లేకపోతే కుదరదు. రోజూ ఫ్రీవే మీద ఆఫీసుకు వెళ్లేవారికి మానిటర్లు వాటంతటవే పూర్తవుతాయి, కొనమని వారికి గట్టిగా చెప్పలేను. పాడైతే మళ్లీ ఇదే కొంటానేమో, ఇప్పుడైతే కారు దిగేముందు దాన్ని పీకి చొక్కా జేబులో వేసుకుంటున్నాను. ఒకసారి వాషింగ్ మెషీన్‌లో కూడా పడింది. ఆశ్చర్యం, ఇంకా పనిచేస్తోంది.