పిప్పి పంటికి ఏది మేలు: సిమెంటా, లైటు వేసేదా?

పిప్పి గుంట పూడ్పించుకోవడానికి వచ్చినవాళ్లు కుర్చీలో వెనక్కి వాలకముందే అడిగేస్తారు: "డాక్టరుగారూ, సిమెంటు పెడతారా, లైటు వేసేది పెడతారా?" రెండూ పంటి రంగువే కాబట్టి రంగు సంగతి పక్కన పెడదాం. ధర సంగతి మీకు తెలిసిందే. నా దృష్టిలో ఈ తగువు తీర్చేది ఉమ్మి.

లైటు వేసేది, అంటే కాంపోజిట్, పంటికి తనంతట తాను అంటుకోదు. ముందు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ ఓ 15 సెకన్లు పూసి కడిగేస్తాం. ఎనామెల్, అంటే పంటి పైపొర, కంటికి కనపడనంత సన్నగా గరుకు తేలుతుంది. బాండింగ్ ద్రవం ఆ గరుకులోకి ఇంకాక నీలి లైటు వేస్తే అక్కడే బిగుసుకుంటుంది. ఆ పైన అసలు పదార్థం, రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా, పొరపొరకీ లైటు. అంతకన్నా మందంగా వేస్తే అడుగున సరిగా గట్టిపడదు. పైగా గట్టిపడేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కనుక, ఒక్కసారే కుక్కితే అంచుల్లో సందు పడుతుంది, ఆ సందులోంచే మళ్లీ పిప్పి.

ఇంత తతంగంలో ఆమ్లం కడిగాక ఒక్క చుక్క ఉమ్మి తగిలిందా, కథ మళ్లీ ఆమ్లం దగ్గరికే. అందుకే పంటి చుట్టూ రబ్బరు డ్యామ్, అంటే ఉమ్మి తగలకుండా ఆపే పల్చటి రబ్బరు పొర, బిగిస్తాను. ఊపిరాడట్లేదని సైగలు చేసేవాళ్లుంటారు, ముక్కుతో పీల్చమంటాను. నల్గొండ వైపు నుంచి వచ్చే ఫ్లోరైడ్ గారపళ్లకు ఆమ్లం ఇంకాసేపు ఉంచాల్సి వస్తుంది. ఆ ఎనామెల్ ఓ పట్టాన లొంగదు.

సిమెంటు అని మీరనే గ్లాస్ అయనమర్‌ది వేరే స్వభావం. పంటిలోని కాల్షియంతో నేరుగా కలిసి అతుక్కుంటుంది, కొద్దిపాటి తేమను ఓర్చుకుంటుంది, ఫ్లోరైడు కొంచెం కొంచెంగా వదులుతుంది. కానీ నమిలే ఒత్తిడికి అరుగుతుంది, అంచులు విరుగుతాయి. కుదురుగా కూర్చోని పిల్లాడి పాలపన్నుకూ, చిగురు అంచున పెద్దవాళ్లకు పడే పిప్పికీ నేను మారు ఆలోచించకుండా ఇదే పెడతాను. తడిలో పెట్టిన కాంపోజిట్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం. పన్ను పొడిగా ఉంచగలిగితే మాత్రం దవడపంటికి కాంపోజిటే, అదీ పొరలుగా.

ఒకేసారి 4 మిల్లీమీటర్లు నింపే బల్క్ ఫిల్ అనే కాంపోజిట్ రకం లోతైన గుంటలకు పనికొస్తుంది, అంతే. పాత వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2025 నుంచి దాని వాడకం దాదాపుగా ఆపేసింది. మీ నోట్లో పాతది దిట్టంగా ఉంటే తీయించకండి.

సిమెంటు పెట్టించుకుంటే ఆ రోజు ఆ వైపు నమలొద్దు. ఏది పెట్టినా చివర్లో రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తాం. మత్తు సూదికి నోరు మొద్దుబారి ఉండి "బానే ఉందండీ" అనేస్తారు. మర్నాడు గారె కొరికినప్పుడు ఆ పన్నే ముందు తగిలితే మొహమాటపడకుండా రండి, కాస్త అరగదీస్తే సరిపోతుంది.