పది రూపాయల దరఖాస్తు: మహిళా ఫిర్యాదుల కమిటీల లెక్క అడగడానికి ఎంత పనికొస్తుంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆఫీసుల్లో లైంగిక వేధింపులపై మహిళల ఫిర్యాదులు వినే కమిటీ నిజంగా ఉందా, కాగితం మీదే ఉందా అని తేల్చుకోవాలంటే ఉన్న దారుల్లో సమాచార హక్కు దరఖాస్తే మేలు. ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తాం. కోత పడింది రెండో అప్పీలు దగ్గర.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలోనూ అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ అధికారితో ముఖాముఖి మాట్లాడొచ్చు గానీ, జవాబు రాకుంటే జరిమానా పడే గడువేమీ లేదు. 2005 సమాచార హక్కు చట్టంలో ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే రాష్ట్ర సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అదీ జవాబివ్వాల్సిన పౌర సమాచార అధికారి సొంత జేబులోంచే.

ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే తేలిక. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే చాలు. ఇన్‌వర్డ్‌లో నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ నుంచి విడిగా లేదు.

ఎక్కువ దరఖాస్తులు చెడేది ప్రశ్న దగ్గరే. ‘కమిటీ ఎందుకు వేయలేదు?’ అని రాస్తే, కారణాలు చెప్పడం సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. కాబట్టి కాగితం పేరు పెట్టి అడగాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం సెక్షన్ 4 కింద అంతర్గత కమిటీ వేసిన ఉత్తర్వు నకలు, బయటి సంస్థ నుంచి తీసుకున్న సభ్యురాలి నియామక పత్రం, సెక్షన్ 21 కింద గత మూడేళ్ల వార్షిక నివేదికలు అడగండి. ఫిర్యాదుల సంఖ్య మాత్రమే కావాలని రాయండి. పేర్లు, వివరాలు బయటపెట్టడాన్ని సెక్షన్ 16 నిషేధిస్తుంది, అడిగితే మొత్తం దరఖాస్తుకే అడ్డం పడుతుంది.

ఉత్తర్వు చేతికొచ్చాక ముందు తేదీ చూడాలి. సభ్యుల పదవీకాలం మూడేళ్లు మించకూడదు. ఐదేళ్ల కిందటి ఉత్తర్వు నకలే పంపారంటే కమిటీ గడువు తీరిపోయినట్టే. ఛైర్‌పర్సన్ సీనియర్ మహిళా ఉద్యోగేనా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలేనా, ఛైర్‌పర్సన్ బదిలీ అయ్యాక కొత్త ఉత్తర్వు ఉందా అన్నది తర్వాత. ‘సమాచారం లేదు’ అన్న జవాబు కూడా పారేయొద్దు. పది మంది లేదా ఆపైన పనిచేసేచోట కమిటీ లేకపోవడం సెక్షన్ 26 కింద 50,000 దాకా జరిమానా పడే తప్పు. ప్రజావాణికి ఆ జవాబే జతచేయండి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లాంటి చోట్ల పది మందికన్నా తక్కువ పనిచేసే యూనిట్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు జిల్లా స్థానిక కమిటీ పరిధిలోకి వస్తారు. ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో ఆ కమిటీకి పంపాల్సిన నోడల్ అధికారి మండలానికొకరు ఉండాలి. ఆ జాబితాను కలెక్టరేట్ నుంచే అడగండి. ఒక్కో ఆఫీసుకు రాసేకన్నా జిల్లా అధికారికి చేరిన వార్షిక నివేదికలు అడిగితే ఒక్క దరఖాస్తుతో పెద్ద చిత్రం దొరుకుతుంది. అది వేరే శాఖదైతే 5 రోజుల్లో బదిలీ చేయాల్సింది వాళ్లే.

‘సమాచారం విస్తారంగా ఉంది’ అన్న తిరస్కరణ చెల్లదు. సెక్షన్ 7(9) ఇచ్చే రూపాన్ని మార్చుకోనిస్తుందే తప్ప ఇవ్వకుండా ఉండనివ్వదు. అలాంటప్పుడు ఆఫీసుకెళ్లి ఫైళ్లు చూస్తామని రాయండి, మొదటి గంట ఉచితం. నకలుకు పేజీకి 2 రూపాయలు, గడువు దాటాక ఇస్తే అదీ కట్టక్కర్లేదు.

జవాబు రాకపోతే, ఆ గడువు దాటిన 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అసలు బలం ఇక్కడే, చాలామంది వదిలేసేదీ ఇక్కడే. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుతో వెళ్లాలి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేకపోవడంతో అక్కడ పాత కేసులు గుట్టలుపడ్డాయి. వేగం ఆశించొద్దు, కానీ గడువు పోగొట్టుకోవద్దు.