విండోస్ ప్రాక్సీ పేజీ: ఏళ్ల వాడకం తర్వాత నా మార్కులు ఐదుకి మూడున్నర

వైఫై సిగ్నల్ నిండుగా ఉంటుంది, ఫోన్లో వీడియోలు ఆడుతుంటాయి, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క సైటూ తెరుచుకోదు. అలాంటప్పుడు కేబుల్ అబ్బాయికి ఫోన్ కొట్టే ముందు నేను చూసేది సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద ఉండే ప్రాక్సీ పేజీ. ప్రాక్సీ అంటే మన బ్రౌజర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య నిలబడి, అడిగినవి అటూ ఇటూ చేరవేసే సర్వర్. విండోస్ 10 నాటి నుంచీ మా ఇంట్లోనూ, చుట్టాల ఇళ్లలోనూ ఇదే వరస.

ఇంటి నెట్‌కి మామూలుగా ప్రాక్సీ అక్కర్లేదు. అందుకే మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉందంటే అనుమానించాల్సిందే. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో అడ్రస్ గడిలో 127.0.0.1, పక్కన పోర్టు 8080 కనిపించాయి. అంటే బ్రౌజర్ అడిగేవన్నీ అదే మెషీన్లో నడవాల్సిన ఏదో ప్రోగ్రాం చేతికి వెళ్తున్నాయి. ఆ ప్రోగ్రాం ఏదో ఉచిత వీపీఎన్. తనెప్పుడో తీసేసింది, సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. క్రోమ్ ప్రాక్సీ సర్వర్ దగ్గరే ఆగిపోతోంది, పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే కమాండ్) కొడితే జవాబులు టకటకా వస్తున్నాయి. పింగ్ ఈ ప్రాక్సీ దారిన పోదు మరి! ఆఫ్ చేయగానే సైట్లన్నీ వచ్చేశాయి. అప్పటిదాకా రౌటర్ ఆపి మళ్లీ వేయమన్న కస్టమర్ కేర్ ప్రాక్సీ ఊసే ఎత్తలేదు. రీస్టార్ట్ చేశాక అదే మళ్లీ ఆన్ అయిందంటే మాత్రం మాల్వేర్ స్కాన్ పెట్టాలి.

మార్కులు ఎందుకు తగ్గించానంటే, సెట్టింగ్ మార్చిన ప్రోగ్రాం ఏదో ఈ పేజీ చెప్పదు. విండోస్ 10లో అడ్రస్ ఎదురుగానే ఉండేది, 11లో ఎడిట్ నొక్కితే గానీ కనబడదు. ఆఫ్ చేసి సేవ్ కొట్టకపోతే పని కాదు. పైగా అన్ని ప్రాక్సీలూ ఇక్కడ ఉండవు. క్రోమ్, ఎడ్జ్ దీన్నే పాటిస్తాయి కానీ ఫైర్‌ఫాక్స్‌కి సొంత సెట్టింగ్ ఉంది. బ్రౌజర్ బాగానే ఉండి గిట్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే టూల్) ఒక్కటే మొరాయిస్తే హెచ్‌టీటీపీ_ప్రాక్సీ (HTTP_PROXY) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని, అంటే ప్రోగ్రాములు చదువుకునేలా విండోస్‌లో పెట్టి ఉంచే విలువని, గిట్ సొంత సెట్టింగులుండే గిట్ కాన్ఫిగ్‌ని చూడాలి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే సంగతి వేరు. మా బావగారి దాంట్లో సెటప్ స్క్రిప్ట్ (ఏ సైటుకి ఏ ప్రాక్సీ వాడాలో చెప్పే ఫైలు) అడ్రస్ ఉంటుంది, కంపెనీ వాళ్లు పెట్టింది. దాని జోలికి నేను పోను, వాళ్ల ఐటీ వాళ్లకే చెప్పమంటాను.

ఫోన్లో ప్రాక్సీ ఏ వైఫైకి ఆ వైఫైకే విడిగా ఉంటుంది. మొబైల్ డేటాలో బాగుండి ఇంటి వైఫైలో మాత్రం ఆగిపోతుంటే, ఆ వైఫై పేరు వివరాల్లోకి వెళ్లి ప్రాక్సీ దగ్గర ఆండ్రాయిడ్‌లో నన్ (None) అని, ఐఫోన్‌లో ఆఫ్ అని ఉందో లేదో చూడండి.